స్టీరింగ్ వణుకుతోందా? ముందే అలైన్‌మెంట్ అనకండి

సంక్రాంతికి వారం ముందు నుంచే మా షాపు ముందు కార్లు వరుస కడతాయి. హైదరాబాద్ నుంచి పంతంగి టోల్ దాటి, నార్కట్‌పల్లి, నకిరేకల్ మీదుగా సూర్యాపేట చేరేసరికి బండి నడిపే ఆయన మొహంలో భయం కనబడుతుంది. "అన్నా, తొంభై దాటితే స్టీరింగ్ గజగజ వణుకుతుంది. జర అలైన్‌మెంట్ చూడరాదు?" అంటారు. పండగ అయ్యాక విజయవాడ వైపు నుంచి తిరిగొచ్చేవాళ్లు "అలైన్‌మెంట్ పోయినట్టుందండీ, కాస్త చూస్తారా?" అంటారు. యాస మారుతుంది గానీ అడిగేది అదే పని.

ఆ కార్లలో చాలా మటుకు ఏడాదంతా హైదరాబాద్ సిగ్నళ్ల మధ్య నలభై, యాభై మీద తిరిగినవే. లోపం నెలల కిందటే వచ్చి ఉంటుంది. అది బయటపడాలంటే వేగం కావాలి, ఆ వేగం 65వ నంబర్ హైవే ఎక్కాకే దొరుకుతుంది.

నేను చేసేది వీల్ బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం), అలైన్‌మెంట్ పనే. అడిగింది చేసి డబ్బు తీసుకుంటే నాకు పోయేదేమీ లేదు. కానీ ఆ వణుకుతోనే మళ్లీ పిల్లలతో రోడ్డెక్కుతారు కదా, అది నాకు ఒప్పదు. అందుకే చెబుతున్నాను: స్టీరింగ్ వణికితే అది అలైన్‌మెంట్ జబ్బు కాదు. చక్రాలు ఏ దిక్కుకు చూస్తున్నాయన్నదే అలైన్‌మెంట్. అది తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా ఉంటుంది, టైరు ఒక అంచు త్వరగా అరుగుతుంది. వణుకు పుట్టేది మాత్రం గిర్రున తిరిగే వస్తువులోంచి: టైరు, రిమ్ము, బ్రేక్ డిస్కు, చక్రాన్ని తిప్పే యాక్సిల్. అలైన్‌మెంట్ చాలాకాలం తప్పి ఉండి టైరు గుబ్బలు గుబ్బలుగా అరిగిపోతే అప్పుడు రొద, వణుకు రెండూ రావచ్చు. అప్పుడు కూడా వణికించేది ఆ పాడైన టైరే. అలైన్‌మెంట్ సరిచేసినంత మాత్రాన ఆ టైరు బాగుపడదు.

షాపుకు రాకముందు రోడ్డు మీద గమనించాల్సినవి

వణుకు ఎప్పుడు వస్తుందో చెప్పగలిగితే సగం రోగం తెలిసినట్టే. ఇది బండి నడిపేవాళ్లే చెప్పగలరు. మెషీన్ మీద పెడితే నాకు చక్రం ఒక్కటే కనబడుతుంది, రోడ్డు మీద బండి ఎలా ఉందో కనబడదు.

తెల్లవారుజామున, ఎండ పొడి రోజున, ఖాళీగా ఉన్న నున్నటి రోడ్డు చూసుకోండి. పాటలు ఆపేయండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని రాసుకోమనండి, ఫోన్ మీరు ముట్టుకోవద్దు. అరవై నుంచి మెల్లగా వేగం పెంచండి. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. మన పరీక్షకు అంతకు మించి అక్కర్లేదు. వణుకు ఏ అంకె దగ్గర మొదలైంది, ఎక్కడ బాగా ఎక్కువైంది, ఆ తర్వాత తగ్గిందా పెరుగుతూనే పోయిందా అన్నది రాయించండి. స్టీరింగ్ తిన్నగా, వదులుగా పట్టుకోండి. గట్టిగా బిగబట్టి పట్టుకుంటే చిన్న వణుకు చేతికి తెలియదు.

వణుకు ఎక్కడ తెలుస్తోందో కూడా చూడండి. చేతుల్లో, అంటే స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాల వైపు అనుమానం. స్టీరింగ్ నిమ్మళంగా ఉండి సీటు, కాళ్ల కింద ఫ్లోరు అదురుతుంటే వెనక చక్రాలు చూడాలి. బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాగా వెనక చక్రాలకు పవర్ వెళ్లే బండి అయితే ఆ పవర్‌ను వెనక్కి మోసే పొడుగాటి రాడ్డు, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు, దాని క్రాస్ బేరింగులు కూడా చూడాలి.

తర్వాత అదే వేగంలో మూడు చిన్న పరీక్షలు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. తీసినా వణుకు అలాగే ఉంటే చక్రాల సంగతి. తీయగానే ఆగి, తొక్కగానే మళ్లీ వస్తే యాక్సిల్ లోపలి జాయింటు. వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని మెత్తగా బ్రేకు తొక్కండి. మామూలుగా వణకని స్టీరింగ్ బ్రేకు వేసినప్పుడే కొట్టుకుంటే డిస్కులు. ఇక మూడోది బండి ఆపాక చేసేది: న్యూట్రల్‌లో నిలబెట్టి, వణుకు వచ్చిన వేగంలో ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరిగిందో అంత రేజ్ చేయండి. నిలబడ్డ బండి కూడా అలాగే అదిరితే ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు చూడాలి, చక్రాల జోలికి పోనక్కర్లేదు.

ఈ నాలుగు ముక్కలు కాగితం మీద ఉంటే ఏ మెకానిక్ కూడా మిమ్మల్ని దారి తప్పించలేడు.

డెబ్బై, ఎనభై మధ్య మొదలై, తొంభై నుంచి నూటపది మధ్య బాగా పెరిగి, ఆ తర్వాత కాస్త సర్దుకునే వణుకైతే నూటికి తొంభై పాళ్లు బ్యాలెన్సింగే. దానికో కారణం ఉంది. 185/65 ఆర్15 టైరు ఒక్క చుట్టు తిరిగితే దాదాపు 1.95 మీటర్లు పోతుంది. అంటే గంటకు వంద మీద చక్రం సెకనుకు పద్నాలుగు చుట్లు తిరుగుతోంది. రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉందనుకోండి. వంద వేగంలో ఆ 30 గ్రాములు చక్రాన్ని బయటికి లాగే బలం సుమారు నాలుగున్నర కిలోలు. అది సెకనుకు పద్నాలుగు సార్లు పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ లాగుతుంది. యాభై మీద ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది, అందుకే సిటీలో తెలియదు. పైగా చక్రం, సస్పెన్షన్ కలిపి తమంతట తాము ఊగే వేగమూ సరిగ్గా ఆ దగ్గర్లోనే ఉంటుంది. రెండూ కలిసినచోట స్టీరింగ్ అదురుతుంది, దాటాక కొంచెం సర్దుకుంటుంది. సర్దుకుంది కదా అని వేగం పెంచి నడిపేవాళ్లున్నారు. ఆ బలం అక్కడ ఇంకా పెరుగుతూనే ఉంటుంది, బేరింగులు, రబ్బరు బుష్‌లు దాన్ని మోస్తుంటాయి.

ఇంటి దగ్గర చేత్తో, కంటితో

ముందు వీల్ నట్లు. టైరు విప్పి బిగించాక వణుకు మొదలైందంటే ఇంకేదీ చూడకముందే పానా తీసి నట్లు చూసుకోండి. వదులు నట్టు వణుకుతో ఆగదు, చక్రమే ఊడి పోతుంది.

తర్వాత టైర్లు. బయటి పక్క అందరూ చూస్తారు. ఉబ్బు ఎక్కువగా లోపలి పక్క దాక్కుంటుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, లోపలి గోడను అరచేత్తో తడమండి. గుంతలో గట్టిగా పడ్డ టైరుకు లోపలి దారాలు తెగి నిమ్మకాయంత ఉబ్బు వస్తుంది. అది కనబడితే బ్యాలెన్సింగ్ మాట ఎత్తకండి, ఆ టైరు మార్చాల్సిందే. తర్వాత నేలను తాకే ముఖం, అంటే ట్రెడ్ మీద చెయ్యి రెండు వైపులా రాయండి. ఒక చోట ఎత్తు, ఒక చోట పల్లం తగిలితే చాలాసార్లు షాక్ అబ్జార్బర్లు బలహీనపడి టైరు ఎగిరెగిరి అరిగిందని అర్థం. గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైరు. ట్రెడ్ బాగానే ఉందని పాత టైరును నమ్మకండి. కదలకుండా ఎండలో నిలబెట్టిన బండి టైరు లోపల ఎండిపోయి ట్రెడ్ కింద ఉండే ఉక్కు తీగల పట్టీ, అంటే బెల్టు ఊడొస్తుంది.

బెల్టు ఊడుతున్న టైరు గుర్తు చెబుతాను, ఇది ప్రాణం మీదికి వచ్చేది. ఇరవై, నలభై మధ్య నెమ్మదిగా పోతున్నప్పుడే స్టీరింగ్ కుడి ఎడమలకు ఊగుతుంది, టైరు కింద దబ్ దబ్ మని తగులుతుంది, రోజురోజుకూ పెరుగుతుంది. బ్యాలెన్సింగ్ తప్పితే అంత తక్కువ వేగంలో తెలియదు. ఈ లక్షణం కనబడితే హైవే ఎక్కకండి. స్టెప్నీ వేసుకుని దగ్గర్లో ఉన్న టైరు షాపుకు పోండి.

వానాకాలం ఒక ప్రత్యేకమైన కేసు వస్తుంది. మా వైపు నల్లరేగడి చేను గట్ల మీద, పొలం బాటల్లో తిరిగిన కార్ల రిమ్ముల లోపల బురద పట్టుకుంటుంది. బండి నిలబెడితే అది కిందికి జారి ఒక పక్కే ఎండిపోతుంది. ఎండిన రేగడి ఎంత గట్టిగా పట్టుకుంటుందో వ్యవసాయం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఊరు నుంచి వచ్చిన మర్నాడు వణుకు మొదలైందంటే ముందు రిమ్ము లోపలి వైపు నీళ్లు కొట్టి, పుల్లతో గీకి చూడండి. చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. కడిగేటప్పుడు ఒక జాగ్రత్త: బ్యాలెన్సింగ్ కోసం అతికించిన వెయిట్ ముక్కల మీద ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే అవీ ఊడిపోతాయి. అల్లాయ్ రిమ్ము లోపల పొడుగ్గా ఒక జిగురు మరక ఉండి, దాని మీద వెయిట్ లేకపోతే అది ఊడిపోయిన చోటే.

పంక్చర్ కాకుండా టైరులో ద్రవం పోయించుకున్నవాళ్లు అది షాపువాడికి చెప్పండి. ఆ ద్రవం లోపల అటూ ఇటూ పారుతుంటే మెషీన్ ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది. నైట్రోజన్ గాలికీ వణుకుకూ సంబంధం లేదు. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోరు పక్కన స్టిక్కరు మీద రాసి ఉంటుంది, టైరు చల్లగా ఉన్నప్పుడు అంత ఉంటే చాలు.

బ్యాలెన్సింగ్ దగ్గర నిలబడి చూడండి

కుర్చీలో కూర్చుని టీ తాగకుండా మెషీన్ పక్కన నిలబడమని నేను అందరికీ చెబుతాను. మెషీన్ అబద్ధం చెప్పదు గానీ, దానికి చక్రం తిన్నగా పెట్టకపోతే తప్పు లెక్క చెబుతుంది.

పాత వెయిట్లన్నీ పీకేయాలి. పాతవాటి మీద కొత్తవి అతికిస్తూ పోతే చివరికి రిమ్ము నిండా ముక్కలే ఉంటాయి. రిమ్ము మధ్య రంధ్రం, బండి మీద చక్రం బిగించే హబ్బుకు ఆనే ముఖం వైర్ బ్రష్‌తో రుద్దాలి. అక్కడ తుప్పు పొర ఉంటే మెషీన్ మీద చక్రం ఒకలా కూర్చుంటుంది, బండి మీద ఇంకోలా కూర్చుంటుంది. చక్రాన్ని మధ్యలో నిలిపే కోన్ సరిపోయేది పెట్టి బిగించాలి. రిమ్ము వెడల్పు, వ్యాసం, మెషీన్ నుంచి దూరం మూడూ ఆ చక్రానివే ఎక్కించాలి, అంతకుముందు వచ్చిన కారువి కావు. వెయిట్ అతికించే చోట నూనె, దుమ్ము తుడవాలి. అతికించాక మళ్లీ తిప్పి రెండు వైపులా సున్నా చూపించాలి.

ఇప్పుడు అసలైన పరీక్ష. సున్నా వచ్చిన చక్రాన్ని వదులు చేసి, షాఫ్టు మీద సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమనండి. మళ్లీ సున్నానో, ఐదు గ్రాములో చూపిస్తే పని నిఖార్సైంది. ఇరవై, ముప్పై చూపిస్తే ఆ సున్నా ఉత్తుత్తిదే, కోను సరిగ్గా కూర్చోలేదు లేదా షాఫ్టు అరిగింది. నిమిషం పట్టే ఈ పరీక్ష అడిగితే మంచి పనివాడు విసుక్కోడు, సంతోషిస్తాడు.

మెషీన్ మీద చక్రం తిరుగుతున్నప్పుడు దాని పక్కన వంగి చూడండి. ఇంకే చోటా ఇంత బాగా కనబడదు. రిమ్ము అంచుకు అతి దగ్గరగా స్క్రూడ్రైవర్ మొన కదలకుండా పట్టుకోమనండి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పమనండి. మొనకూ రిమ్ముకూ మధ్య సందు అంతటా ఒకేలా ఉంటే రిమ్ము మంచిదే. సందు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటే రిమ్ము వంగింది. టైరు ట్రెడ్ దగ్గర కూడా అలాగే పెట్టి చూడండి. రిమ్ము తిన్నగా ఉండి టైరు ఎగిరితే తప్పు టైరుదే, లేదా టైరు రిమ్ము మీద సమంగా కూర్చోలేదు. టైరు పక్క గోడ మీద, రిమ్ము అంచును ఆనుకుని సన్నని గీత చుట్టూ ఉంటుంది. ఆ గీత ఒకచోట రిమ్ములోకి దిగిపోయి ఉంటే గాలి తీసి, సబ్బు నీళ్లు రాసి మళ్లీ కూర్చోబెట్టాలి. వంగిన రిమ్ముకూ వెయిట్లు పెట్టి సున్నా తెప్పించవచ్చు. మెషీన్ మీద సున్నా, రోడ్డు మీద మళ్లీ వణుకు. బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదని తిరిగొచ్చే బండ్లలో నేను ముందు చూసేది ఇదే.

ఒక చక్రానికి ఎనభై, వంద గ్రాములు అడుగుతోందంటే వెయిట్లు గుప్పించకుండా టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి కూర్చోబెట్టమనండి. టైరులో బరువైన చోటు, రిమ్ములో బరువైన చోటు ఒకే పక్క పడి ఉండవచ్చు. ఎదురెదురు పడితే చాలా మటుకు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి.

బయట కొన్న అల్లాయ్‌లు వేసుకున్నవాళ్లకు ఇంకో మాట. వాటి మధ్య రంధ్రం మీ హబ్బు కన్నా పెద్దదై ఉంటే మధ్యలో ప్లాస్టిక్‌దో అల్యూమినియందో ఒక రింగు ఉండాలి. అది లేకపోతే చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోదు, ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేసినా వణుకుతుంది.

ఏ చక్రమో తేలకపోతే ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చి అదే రోడ్డు మీద నడపండి. వణుకు చేతుల్లోంచి సీట్లోకి దిగిపోతే దోషం చక్రాల్లోనే ఉంది. చోటు మారకుండా స్టీరింగ్‌లోనే ఉంటే హబ్బు, డిస్కు, యాక్సిల్ వైపు వెతకాలి. స్టెప్నీతో పరీక్షించాలంటే మాత్రం దాని సైజు చూసుకోండి. ఇప్పటి కార్లలో చాలావాటికి స్టెప్నీ చిన్నది, దాని మీదే వేగ పరిమితి రాసి ఉంటుంది.

బ్రేకు వేస్తేనే వణికితే

దీన్ని అందరూ డిస్కు బెండ్ అయిందంటారు. నిజానికి చాలాసార్లు డిస్కు వంగదు, దాని మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. మిల్లీమీటరులో నూరో వంతు రెండు మూడు తేడా వచ్చినా చేతికి తెలుస్తుంది. శ్రీశైలం ఘాటు దిగి, డిస్కులు కాగి ఉన్నప్పుడు బ్రేకు బిగదొక్కి నిలబడితే ప్యాడు ముద్ర ఆ చోట అంటుకుంటుంది. దిగీదిగగానే చల్లనీళ్లతో చక్రాలు కడిగించడం కూడా మంచిది కాదు. ఘాటు తక్కువ గేరులోనే దిగండి, ఇంజినే బండిని పట్టుకుంటుంది.

నట్లు బిగించే గన్‌తో ఇష్టం వచ్చినట్టు బిగిస్తే కూడా డిస్కు తిన్నగా తిరగదు. ఎదురెదురుగా, నక్షత్రం వరుసలో, చివర బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించమనండి. చాలా చిన్న కార్లకు అది 100 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. డిస్కును లేత్ మీద ఫేసింగ్ (చదును) చేయించేముందు దాని మీద ముద్రించిన కనీస మందం చదవండి. అంతకు తగ్గేట్టుంటే ఫేసింగ్ వద్దు, జతగా రెండూ మార్చండి.

జాకీ ఎత్తి చూసేవి

వదులై ఆడుతున్న భాగాలు వణుకును పుట్టించవు గానీ, చిన్న వణుకును పెద్దది చేస్తాయి. బండి చదునైన చోట పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం వేసి, హ్యాండ్ బ్రేక్ వేసి ముందు చక్రం ఎత్తండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరకండి. గడియారంలో పన్నెండు, ఆరు ఉండే చోట్ల చక్రాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. టక్ మని కదిలితే బేరింగో, చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింటో. తొమ్మిది, మూడు దగ్గర పట్టుకుని ఊపితే కదలిక వస్తే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ చూడాలి. చక్రాన్ని తిప్పుతూ స్ప్రింగు మీద రెండో చెయ్యి వేస్తే పాడైన బేరింగు గరగర ఆ చేతికి తెలుస్తుంది. రోడ్డు మీద అయితే అది హూ మని రొద పెడుతుంది, బండి ఒక పక్కకు వంపు తిరిగినప్పుడు ఆ రొద పెరుగుతుంది లేదా తగ్గుతుంది. చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు చిరిగితే టార్చి వేస్తే కంటికే కనబడుతుంది.

తొక్కితేనే వణికే బండికి యాక్సిల్ లోపలి జాయింటు రబ్బరు బూటు చూడండి. చిరిగి గ్రీజు చిమ్మి ఉంటే అందులోకి దుమ్ము పోయి బేరింగులు తినేసి ఉంటాయి. పూర్తిగా తిప్పి మలుపు తీసుకునేటప్పుడు టక టక మనేది మాత్రం బయటి జాయింటు, దాన్నీ దీన్నీ కలపకండి.

టై రాడ్ ఎండో, లోయర్ ఆర్మో మార్చిన తర్వాత అలైన్‌మెంట్ తప్పకుండా చేయించాలి. పని వరుస ఇదీ: ముందు టైర్లు, రిమ్ములు, తర్వాత బ్యాలెన్సింగ్, ఆడుతున్న భాగాలు, ఆఖరున అలైన్‌మెంట్. వరుస తిరగేస్తే చేసిన అలైన్‌మెంట్ మళ్లీ చేయాల్సి వస్తుంది.

పని అయ్యాక డబ్బు ఇచ్చేముందు కీ తీసుకుని, కాగితం మీద రాసిన ఆ వేగానికే, వీలైతే ఆ రోడ్డు మీదే ఒకసారి నడిపి రండి. మా షాపు హైవే పక్కనే కాబట్టి ఇది నాకు తేలిక, సిటీలో అయితే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి చూడండి. చక్రాలు విప్పి బిగించిన బండికి వంద కిలోమీటర్ల లోపు నట్లు మరోసారి సరిచూడాలి. అది మీరే చేసుకోవచ్చు, ఏ టైరు షాపులోనైనా ఊరికే చూసి పెడతారు.